చదవడంలో రెండేళ్ళు వెనక, లెక్కల్లో రెండేళ్ళు ముందు: ఈ ఐఈపీ మీద సంతకం పెట్టాలా?

మూడోబెంచీ (సోమవారం, రాత్రి 10:42)

నమస్తే అందరికీ. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. బడివాళ్ళు మా వాడికి రాసిన ఐఈపీ గురించి, అంటే ఒక్కో పిల్లాడి అవసరానికి తగ్గట్టు బడి రాసే చదువు ప్లాను గురించి అడగాలి. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా వాడికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఆరో తరగతి లెక్కల పుస్తకం వాడికి ఆట. ఎవరూ నేర్పకముందే గోడ గడియారం చూసి భిన్నాలు పట్టేశాడు. అదే పిల్లాణ్ణి రెండో తరగతి వాచకంలో ఒక పేరా చదవమంటే చెమటలు పట్టేస్తాయి. లైను తప్పుతాడు, మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేస్తాడు. రాత అయితే ఇంకా కష్టం. నోటితో పది నిమిషాలు చెప్పేది కాగితం మీద రెండు లైన్లకు కుంచించుకుపోతుంది.

సైకాలజిస్టు దగ్గర పరీక్షలు చేయించాం. విస్క్-5 అనే ఐక్యూ పరీక్షలో మాటల అవగాహన 130, తర్కం 131, పని జ్ఞాపకశక్తి 94, వేగం 80. మొత్తం ఐక్యూ 118 అని రాశారు. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందని కూడా రాశారు.

స్కూలు వాళ్ళు మొదట "118 అంటే సగటు కంటే ఎక్కువే కదండీ, పాసవుతున్నాడు కూడా, వీడికి ఐఈపీ ఎందుకు" అన్నారు. నాలుగు నెలలు తిరిగాక ఇప్పుడొక డ్రాఫ్టు ఇచ్చారు. అందులో లక్ష్యాలు మూడు, మూడూ చదవడం గురించే. మొదటిది ఉన్నదున్నట్టు: "విద్యార్థి పఠన నైపుణ్యం మెరుగుపడుతుంది." ఇక అసలు మెలిక ఇది. వారానికి నాలుగు రోజులు లెక్కల పీరియడ్‌లో లేపి రిసోర్స్ రూమ్‌కి, అంటే విడిగా నేర్పే గదికి పంపుతారట, "లెక్కలు వాడికి వచ్చు కాబట్టి".

వాడు బడికి వెళ్ళేదే ఆ పీరియడ్ కోసం. శుక్రవారం లోపు సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా? లెక్కలకు వేరే ప్లాను అడగాలా, ఇందులోనే చేర్చమనాలా?

రెండోషిఫ్టు (సోమవారం, రాత్రి 11:05)

పెట్టకండి.

వివరంగా రేపు రాస్తా. మా అమ్మాయికి ఏడీహెచ్‌డీ, దృష్టి ఒకచోట నిలవదు. బొమ్మలు బాగా వేస్తుంది. రెండేళ్ళ క్రితం మాకు ఇలాగే డ్రాయింగ్ పీరియడ్ తీసేశారు. పెట్టేశాం సంతకం. ఆ ఏడాది ఎలా గడిచిందో నాకూ మా ఆవిడకూ తెలుసు.

పలకాబలపం (మంగళవారం, ఉదయం 6:20)

మూడోబెంచీ గారూ, నేను స్పెషల్ ఎడ్యుకేటర్ని, పద్నాలుగేళ్ళుగా ఇదే పని. మీ పోస్టులో మూడు సంగతులు కలగలిసి ఉన్నాయి. ఒక్కోటీ విడదీస్తాను.

ముందు ఆ 118. విస్క్‌లో 100 సగటు. ప్రతి 15 పాయింట్లూ ఒక మెట్టు అనుకోండి. 130 అంటే రెండు మెట్లు పైన, వందమందిలో పైనుంచి ఇద్దరు ముగ్గురిలో ఒకడు. 80 అంటే సగటుకి మెట్టుకి పైగా కింద. ఈ రెంటినీ కలిపి 118 అంటే, ఒక కాలు వేడినీళ్ళలో ఇంకో కాలు చన్నీళ్ళలో పెట్టినవాడికి "నీకు గోరువెచ్చగా ఉంది" అని చెప్పడం లాంటిది. భాగాల మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు మొత్తం ఐక్యూని పక్కన పెట్టి జీఏఐ అని ఇంకో లెక్క చూస్తారు. జనరల్ ఎబిలిటీ ఇండెక్స్. పని జ్ఞాపకశక్తినీ వేగాన్నీ అందులో కలపరు. మీ రిపోర్టులో అది లేకపోతే సైకాలజిస్టుని అడగండి. కొత్త పరీక్ష అక్కర్లేదు, ఉన్న మార్కులతోనే వస్తుంది.

ఇక మీ వాడి తెలివి వాడి కష్టాన్ని దాచేస్తోంది, కష్టం తెలివిని దాచేస్తోంది. బయటికి కనిపించేది "పర్లేదు" అనిపించే పిల్లాడు. ఇలాంటి వాళ్ళని ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారు. వీళ్ళు రెండు జాబితాల్లోంచీ జారిపోతారు. ప్రతిభావంతుల ఎంపిక పరీక్ష రాత మీద ఉంటుంది, అక్కడ తప్పుతారు. కష్టాలున్న పిల్లల ఎంపిక ఫెయిలయిన మార్కుల మీద ఉంటుంది, అక్కడ చిక్కరు.

మూడోది ఆ లక్ష్యం. "మెరుగుపడుతుంది" అన్నది లక్ష్యం కాదు, దీవెన. ఇవాళ ఎక్కడున్నాడో రాయకుండా రేపు ఎక్కడికి చేరాడో ఎలా తెలుస్తుంది? మీరు ఇలా అడగండి: "రెండో తరగతి స్థాయిలో ఇదివరకు చూడని పేరా ఇస్తే నిమిషానికి ఇన్ని మాటలు తప్పులేకుండా చదువుతున్నాడు. ఫలానా తేదీకి అదే స్థాయి పేరాలో ఇన్ని చదువుతాడు. రెండు వారాలకోసారి ఫలానా టీచరు కొలిచి రాసి పెడతారు." అంకె, తేదీ, మనిషి. ఈ మూడూ లేని వాక్యం ఏదైనా కొట్టేయించండి.

లెక్కల పీరియడ్ గురించి మళ్ళీ రాస్తాను, బడికి టైమైంది.

డస్టర్ (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

అందరూ స్కూలుని తిట్టే ముందు ఒక మాట. నేను తరగతి టీచర్ని. నా క్లాసులో 41 మంది. మా స్పెషల్ ఎడ్యుకేటర్ రెండు బళ్ళకి ఒక్కరే. ఆవిడ వచ్చేది పదకొండు నుంచి ఒంటిగంట వరకు. ఆ రెండు గంటల్లో ఏ పీరియడ్ ఉంటే ఆ పీరియడ్‌లోనే పిల్లాణ్ణి పంపాలి. ఇందులో కుట్ర లేదండీ, టైంటేబులు.

రెండో మాట. చదవడం రాకపోతే లెక్కలు మాత్రం ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఆరో తరగతికి వచ్చేసరికి సగం లెక్కలు మాటల్లోనే ఉంటాయి. "ఒక తొట్టిని రెండు కుళాయిలు" అన్న లెక్క చదవలేనివాడు చేయలేడు. ఆ డ్రాఫ్టు రాసినవాళ్ళు అంత తెలివితక్కువవాళ్ళేం కాదు. ఇంట్లో లెక్కలు చేసుకోవచ్చు. చదవడం నేర్పడం ఇంట్లో అందరివల్లా కాదు.

నిక్కచ్చి (మంగళవారం, మధ్యాహ్నం 2:40)

డస్టర్ గారితో ఏకీభవిస్తాను. ఇంకొంచెం ముందుకెళ్తాను. ఈ రోజుల్లో ప్రతి అమ్మానాన్నకీ వాళ్ళ పిల్లాడు మేధావే. ఎక్కాలు గడగడా అప్పజెప్తే మేధావి, దేశాల రాజధానులు చెప్తే మేధావి. నిజంగా సాయం కావాల్సిన పిల్లలకి ఉన్న నాలుగు వనరులూ ఇలా పంచుకుంటూ పోతే వాళ్ళకేం మిగులుతుంది?

పలకాబలపం (మంగళవారం, రాత్రి 8:50)

డస్టర్ గారూ, టైంటేబులు సంగతి నాకు తెలియంది కాదు, నేనూ రెండు బళ్ళ మనిషినే. అయినా ఆ రెండు గంటల్లో ఏం తీసేయాలన్నది ఎంచుకునే వీలు ఎంతోకొంత ఉంటుంది. పీరియడ్లు అటూ ఇటూ మార్చే వీలుంటుంది. నా అనుభవంలో పిల్లాడు గెలిచే చోటు నుంచి లేపితే రిసోర్స్ రూమ్‌ని జైలనుకుంటాడు. చదువు నేర్పాల్సిన అరగంటలో పదిహేను నిమిషాలు అలక తీర్చడానికే పోతాయి. బోర్డు మీది పాఠం నోట్సులోకి ఎక్కించుకునే పీరియడ్ ఒకటి ప్రతి బడిలోనూ ఉంటుంది. ఈ పిల్లాడికి ఆ పీరియడ్ శిక్ష, ఉపయోగం సున్నా. దాన్ని తీయండి.

ఇంక తొట్టీ కుళాయిలూ. లెక్క ఎవరైనా చదివి వినిపిస్తే వాడు చేస్తాడా చేయడా? చేస్తే వాడికి లెక్కలు వచ్చినట్టే. లెక్కల పరీక్షలో మనం కొలవాల్సింది చదవడం కాదు. చదివి వినిపించడం, అదనపు సమయం, నోటితో జవాబు చెప్పనివ్వడం, ఇవన్నీ అకామొడేషన్లు. దారి మారుతుంది, చేరే ఊరు మారదు. పాఠంలో సగం తీసేయడం, సులువు ప్రశ్నలివ్వడం మాడిఫికేషన్. అక్కడ చేరే ఊరే మారిపోతుంది. మీ డ్రాఫ్టులో ఏ వాక్యం ఏ రకమో ఒకసారి గుర్తు పెట్టుకుని చూడండి. మాడిఫికేషన్ అవసరంలేని పిల్లాడికి అది దూరితే పై తరగతుల్లో తలనొప్పి.

నిక్కచ్చి గారూ, మీ చిరాకు నాకు అర్థమైంది, సగం నిజం కూడా. గడగడా అప్పజెప్పడం ప్రతిభ కాదు, జ్ఞాపకం. అందుకే నేను బిరుదులివ్వను, ముందుగా పరీక్ష పెడతాను. పాఠం మొదలుపెట్టక ముందే ఆ పాఠం చివర్లో ఉండే ప్రశ్నలు ఇస్తాను. నూటికి 85 వస్తే ఆ పాఠం అభ్యాసాలు వాడికెందుకు? ఆ సమయం ఇంకా కష్టమైనదానికి వాడాలి. దీన్ని కరికులం కంపాక్టింగ్ అంటారు, అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. తల్లిదండ్రుల గొప్పలకి ఇందులో చోటు లేదు. వచ్చిందా రాలేదా, అంతే.

గీత గీసి ఎంచుకోవడం ఎంత గుడ్డిదో చెప్పడానికి పాత కథ ఒకటుంది. 1921లో లూయిస్ టర్మన్ అనే మనస్తత్వవేత్త కాలిఫోర్నియాలో ఐక్యూ పరీక్షలతో మేధావి పిల్లల్ని ఏరి, జీవితాంతం వాళ్ళని గమనించే పని మొదలుపెట్టాడు. పరీక్షలో గీత దాటక ఆయన జాబితాకి ఎక్కనివాళ్ళలో విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ ఉన్నారు. తరవాత ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో ఒకరికి.

గోరింటపొద్దు (బుధవారం, ఉదయం 9:30)

ఇక్కడ 130, 131 అంటుంటే చదువుతూ కూర్చున్నాను. చెప్పకపోతే కడుపుబ్బరం, అందుకే రాస్తున్నా.

మా అమ్మాయి ఐక్యూ 58. పన్నెండేళ్ళు. మూడేళ్ళు వరసగా దాని ఐఈపీలో ఒకే లక్ష్యం: "1 నుంచి 20 వరకు లెక్కిస్తుంది." తేదీ మార్చి అదే కాగితం. మూడో ఏడు నేనే అడిగాను, ఇది లెక్కపెట్టేసి రెండేళ్ళయింది, ఎవరైనా చూశారా అని. ఎవరూ చూడలేదు. మీ పిల్లలు పైనుంచి రెండు జాబితాల్లోంచి జారిపోతే మా పిల్లలు జాబితాలో ఉండి కూడా జారిపోతారు.

"ఈ అమ్మాయి దేంట్లో బాగుంటుంది" అని ఆ ఫారంలో ఒక గడి ఉంటుంది, అందరి ఫారాల్లోనూ ఉంటుందనుకుంటా. మా దాంట్లో ఏళ్ళ తరబడి "నవ్వుతూ ఉంటుంది" అని రాశారు. నవ్వడం బలమా? అసలు దానికి వస్తువులు ఎక్కడ ఉండాలో భలే గుర్తుంటుంది. ఇల్లు సర్దితే నేను వెతుక్కోవాలి, దానికి అక్కర్లేదు. ఆ సంగతి చెప్పి ఆ గడిలో రాయించాను. ఇప్పుడు బడి లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో పెట్టే పని దానిది. పుస్తకాల వెనక అంకెలు చూడాలి కాబట్టి మూడంకెల సంఖ్యలు వచ్చేశాయి. ఇరవై వరకు లెక్కించడం నేర్పుతామన్నవాళ్ళు నోరు తెరిచారు.

నిక్కచ్చి గారూ, మా తరఫున మాట్లాడినందుకు సంతోషం గానీ ఆ పిల్లాడి దగ్గర తీసుకుని మాకివ్వమని మేం అడగలేదు.

మూడోబెంచీ (బుధవారం, రాత్రి 9:55)

గోరింటపొద్దు గారూ, నా పోస్టు మిమ్మల్ని నొప్పించి ఉంటే మన్నించండి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఫారం తీసి చూశాను. బలాలు అన్న గడిలో "చురుకైన బాలుడు" అని ఉంది. లెక్కల మాటే లేదు.

శుక్రవారం సంతకం పెట్టలేనని, సమావేశం కావాలని మెయిల్ పంపాను.

నోటీసుబోర్డు (గురువారం, ఉదయం 7:10)

మెయిల్ పంపి మంచి పని చేశారు. నోటిమాటకి గాలే సాక్షి.

మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. అయితే "ఐఈపీ" అన్న మాట ఒకటే అయినా దాని వెనకున్న బలం దేశాన్ని బట్టి మారుతుంది. అది తెలియక సమావేశంలో చాలామంది తడబడతారు, అందుకే కాస్త రాస్తున్నాను.

ఆ మాట చట్టంలోకి ఎక్కింది అమెరికాలో, 1975లో. 1990 నుంచి ఆ చట్టాన్ని ఐడియా (వైకల్యాలున్నవాళ్ళ విద్యా చట్టం) అంటున్నారు. అక్కడ ఐఈపీ రాసే బృందంలో తల్లిదండ్రులు సభ్యులు, అతిథులు కారు. ఏడాదికి ఒక్కసారైనా సమీక్షించాలి. చట్టంలో 13 రకాల వైకల్యాలున్నాయి, ప్రతిభ అందులో లేదు. అందుకే అక్కడ ప్రతిభకి ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది. పెన్సిల్వేనియాలో జీఐఈపీ అని ప్రతిభావంతులకి విడిగా ప్లాను రాస్తారు. పిల్లాడికి వైకల్యమూ ప్రతిభా రెండూ ఉంటే రెంటినీ ఒకే ప్లానులో కలుపుతారు. మీ "ఒకటా రెండా" అన్న ప్రశ్నకి అక్కడివాళ్ళు ఎంచుకున్న జవాబు అదన్నమాట.

"పాసవుతున్నాడు కదా" అన్న వాదన చాలా పాతది. 1982లో ఎమీ రౌలీ అనే చిన్నారి కేసు అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ పాపకి వినపడదు, పెదవులు చదివి నెట్టుకొచ్చేది. తరగతిలో సగటు కంటే బాగానే చదువుతోంది. సైగల భాష చెప్పే మనిషిని ఇవ్వమని అమ్మానాన్నలు అడిగితే, పై తరగతులకి వెళ్తోంది కదా, అక్కర్లేదంది కోర్టు. 2017లో ఆటిజం ఉన్న ఎండ్రూ అనే అబ్బాయి కేసులో అదే కోర్టు గీతని పైకి జరిపింది. ఏదో కాస్త ప్రగతి ఉంటే చాలదు, ఆ పిల్లాడి పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ప్లాను ఉండాలంది. "తగిన" అన్న మాట మీ వాడి విషయంలో ఎంత బరువైనదో చూడండి. పైగా ఏ సబ్జెక్టూ తప్పకపోయినా, తరగతి తరగతీ దాటుతున్నా అర్హత పోదని అక్కడి నిబంధనల్లోనే ఉంది.

భారతదేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది, అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే డిస్లెక్సియా లాంటివి ఉన్నాయి. 17వ సెక్షన్ పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (చెప్తే రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు గురించి చెప్తుంది. 16వ సెక్షన్ పిల్లాడికి కావలసిన తోడ్పాటు, విడిగానైనా సరే, ఇవ్వాలంటుంది. అమెరికాలోలా ఐఈపీ ఇలా ఉండాలి, ఇన్ని రోజుల్లో రావాలి అన్న పట్టు ఆ సెక్షన్లలో కనపడదు. ఇంగ్లండులో ఐతే 2014 చట్టం కింద ఈహెచ్‌సీ (చదువు, ఆరోగ్యం, సంరక్షణ) ప్లాను ఇస్తారు, అడిగిన నాటి నుంచి 20 వారాల్లో తేల్చాలి, 25 ఏళ్ళ వయసు దాకా నడవొచ్చు.

వేరే ప్లాను అడగొద్దనే నా సలహా. రెండు కాగితాలుంటే ఒకటి ఎప్పుడూ అడుగున పడుతుంది, అది లెక్కలదే అవుతుంది.

గుణింతం (గురువారం, సాయంత్రం 5:35)

ఒక చిన్న సంగతి, ఎవరూ అడగలేదు గానీ. చదవడం కొలిచేటప్పుడు ఏ భాషలో కొలిచారో చూసుకోండి. ఇంగ్లీషులో అక్షరానికీ ధ్వనికీ పొంతన తక్కువ, అందుకని డిస్లెక్సియా ఉన్న పిల్లలు అక్కడ తప్పులు చదువుతారు, టక్కున దొరికిపోతారు. తెలుగులో రాసినట్టే చదువుతాం. అందుకని కొన్నాళ్ళు తంటాలు పడ్డాక తప్పుల్లేకుండానే చదివేస్తారు, కాకపోతే ఒత్తులూ గుణింతాలూ కూడబలుక్కుంటూ నత్తనడక నడుస్తారు. తప్పులు మాత్రమే లెక్కపెట్టే టీచరు "వీడికేం, బాగానే చదువుతున్నాడు" అంటారు. గడియారం పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మా చిన్నవాడి విషయంలో ఏడాదిన్నర ఇలాగే పోయింది.

ఆలస్యంగావచ్చినవాడు (గురువారం, రాత్రి 11:48)

నేను తండ్రిగా రాయడం లేదు, ఆ పిల్లాడిగా రాస్తున్నాను. ఇప్పుడు నలభై దాటాయి. డిస్లెక్సియా అని తెలిసింది ముప్ఫై నాలుగో ఏట.

పాఠం ఎలా చదివేవాణ్ణో చెప్తాను. చదివేవాణ్ణి కాదు. పక్కవాడు ఒకసారి పైకి చదివితే విని బట్టీ పెట్టి, నా వంతు వచ్చినప్పుడు పుస్తకం మీద వేలు జరుపుతూ అప్పజెప్పేవాణ్ణి. వేలు ఒక చోట, మాట ఒక చోట. ఒకరోజు టీచరు పేజీ తిప్పమన్నారు. నేను తిప్పకుండా చెప్పుకుంటూ పోయాను. ఆ రోజు తరగతి నవ్విన నవ్వు ఇప్పటికీ వినపడుతుంది.

"తెలివుంది, శ్రద్ధ లేదు." పదేళ్ళు నా ప్రోగ్రెస్ కార్డు మీద ఉన్న ఏకైక వాక్యం ఇది. నాకున్న శ్రద్ధంతా దాచడానికే సరిపోయేది అని ఎవరికి చెప్పను? సాయంత్రం ఇంటికొచ్చి చిన్న మాటకి వస్తువులు విసిరేసేవాణ్ణి. మీ వాడు బడిలో బుద్ధిమంతుడు, ఇంట్లో రాక్షసుడు అయితే కంగారుపడకండి మూడోబెంచీ గారూ. రోజంతా ఊపిరి బిగబట్టినవాడు ఇంటికొచ్చి వదులుతాడు.

ఒకటే అడుగుతాను. ఆ సమావేశానికి వాణ్ణి తీసుకెళ్ళండి. మొత్తం కూర్చోబెట్టక్కర్లేదు. పది నిమిషాలు చాలు. నా గురించి ఎంతమంది ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో, నన్ను ఒక్కరూ అడగలేదు.

రెండోషిఫ్టు (శుక్రవారం, తెల్లవారుజాము 1:30)

మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా, డ్యూటీ దిగి.

మా అమ్మాయి ఐఈపీ మొదటి ఏడాది చూడముచ్చటగా ఉండేది. పదకొండు పేజీలు. సైన్సు టీచరు దాన్ని చూసింది ఫిబ్రవరిలో, అదీ నేను చూపిస్తే. ముందు బెంచీలో కూర్చోబెట్టాలని అందులో ఉంది, ఆవిడ తొమ్మిది నెలలు వెనక కూర్చోబెట్టింది. ఆవిడ తప్పు కాదు, ఎవరూ ఇవ్వలేదు. అప్పట్నుంచి నేనే ఒక్క పేజీలోకి దించి, ప్రతి సబ్జెక్టు టీచరుకీ చేతికిస్తున్నా. ఈ అమ్మాయికి ఏం వచ్చు, ఎక్కడ ఆగిపోతుంది, ఆగినప్పుడు మీరేం చేస్తే కదులుతుంది. అంతే రాస్తా.

డ్రాఫ్టు సమావేశానికి ముందే తెప్పించుకోండి, అక్కడికి వెళ్ళి చదివితే బుర్ర పనిచేయదు. ఇద్దరు వెళ్ళండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. "అవసరమైనప్పుడు సాయం అందిస్తాం" అంటారు. ఎవరు, ఎన్ని నిమిషాలు, ఏ రోజు అని అడగండి. నవ్వుతూనే అడగండి. అడుగుతూనే ఉండండి.

డ్రాయింగ్ సంగతి. ఇప్పుడు మా ప్లానులో ఒక వాక్యం ఉంది: హోంవర్కు అవలేదని, అల్లరి చేసిందని డ్రాయింగ్ పీరియడ్ తీసేయకూడదు. దాన్ని రాయించడానికి మూడు సమావేశాలు పట్టింది.

నిర్వాహకులు (శుక్రవారం, ఉదయం 10:00)

ఎవరో రిపోర్టు ఫోటో పెట్టారు, పిల్లవాడి పేరు కనిపిస్తోంది కాబట్టి తీసేశాం. అంకెలు టైపు చేయండి, ఫోటోలు వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

డస్టర్ (శుక్రవారం, రాత్రి 8:12)

పలకాబలపం గారూ, ఆ ముందుగా పెట్టే పరీక్ష గురించి అడుగుతున్నాను. 41 మందికీ పెట్టాలా? దిద్దడం ఎవరివల్ల అవుతుంది?

పలకాబలపం (శుక్రవారం, రాత్రి 9:03)

అందరికీ వద్దండీ. పాఠం చివర ఉన్నవాటిలో బాగా కష్టమైన ఐదు లెక్కలు బోర్డు మీద రాయండి. "ఇవి చేయగలను అనుకున్నవాళ్ళు ప్రయత్నించండి" అనండి. నలుగురో ఐదుగురో ముందుకొస్తారు. వాళ్ళవే దిద్దుతారు. ఒక హెచ్చరిక, చదవలేని పిల్లాడు ఈ ఐదుగురిలోకి తనంతట తాను రాడు. వాణ్ణి మీరే పిలిచి నోటితో అడగాలి.

మూడోబెంచీ (ఐదు వారాల తరవాత, ఆదివారం, సాయంత్రం 4:20)

సమావేశం అయింది. రెండు అయ్యాయి నిజానికి.

జీఏఐ వేయించాం, 129 వచ్చింది. ఆ కాగితం ముందు పెట్టాక "118 కదా" అన్న మాట మళ్ళీ వినపడలేదు.

చదవడం లక్ష్యం ఇప్పుడు ఇలా ఉంది: రెండో తరగతి స్థాయి పేరా నిమిషానికి 41 మాటలు సరిగ్గా చదువుతున్నాడు, 30 వారాల్లో 75కి చేరాలి. రెండు వారాలకోసారి కొలత, గ్రాఫు ఇంటికొస్తుంది. అక్షరాన్నీ ధ్వనినీ వరసక్రమంలో జోడిస్తూ నేర్పే పద్ధతి వాడతామని పేరు పెట్టి రాశారు. రెండు కొలతలు వచ్చాయి: 43, 42. రెండోది చూసి గుండె జారింది. నాలుగైదు చుక్కలు పడితే గానీ గీత ఎటుపోతోందో చెప్పలేమని అక్కడి టీచరు అన్నారు.

రిసోర్స్ రూమ్ టైము నోట్సు రాసుకునే పీరియడ్‌కి మారింది, వారానికి మూడు రోజులు ఆ పీరియడ్, నాలుగోది ఉదయం అసెంబ్లీ టైములో. లెక్కల పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపిస్తారు, జవాబులు నోటితో చెప్పొచ్చు.

ఒప్పుకోనిది ఒకటుంది. వారానికి రెండు రోజులు లెక్కలకి ఆరో తరగతిలో కూర్చోనిస్తామన్నారు, కానీ ప్లానులో రాయమంటే రాయలేదు. "అది మా సౌలభ్యం, హక్కు కాదు" అన్నారు. నోటీసుబోర్డు గారు చెప్పినట్టు ఆ సాయంత్రమే మెయిల్ రాశాను, "ఇవాళ మీరు ఒప్పుకున్నట్టు" అని. జవాబు రాలేదు. అయినా వాడు వెళ్తున్నాడు. వచ్చే ఏడు ప్రిన్సిపాల్ మారితే ఏమవుతుందో తెలియదు.

ఆలస్యంగావచ్చినవాడు గారూ, వాణ్ణి తీసుకెళ్ళాం. లెక్కల గురించి అడుగుతాడనుకున్నాం. ఏం కావాలి నాన్నా అంటే చాలాసేపు బల్ల వంక చూశాడు. తరవాత అన్నాడు: "రిసోర్స్ రూమ్‌కి రమ్మనడానికి తలుపు దగ్గర నిలబడి నా పేరు అరవొద్దు. అందరూ చూస్తారు. టైమైతే నాకు తెలుసు, నేనే వస్తా."

గడియారం చూడ్డం వాడికి బాగా వచ్చు కదా. ప్లానులో ఆఖరి పేజీలో ఆ వాక్యం వాడి మాటల్లోనే రాశారు.

నోటీసుబోర్డు (ఆదివారం, సాయంత్రం 5:02)

మెయిల్‌కి జవాబు రాకపోతే సమావేశం మినిట్స్ కాపీ అడగండి. ఆరో తరగతి మాట అందులో ఉంటే అదే మీ కాగితం. లేకపోతే ఫలానా మాట కూడా చేర్చమని రాతపూర్వకంగా అడగండి, ఈ నెల దాటనివ్వకండి.

గోరింటపొద్దు (ఆదివారం, రాత్రి 7:45)

42కి దిగులుపడకండి. మా దాని గ్రాఫు చూస్తే కొండలూ లోయలే.

డస్టర్ (ఆదివారం, రాత్రి 10:31)

ఐదు లెక్కలు బోర్డు మీద రాశాను, పోయిన వారం. ముగ్గురు ముందుకొచ్చారు. నాలుగోవాణ్ణి నేనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని నోటితో అడిగాను. ఐదింటిలో నాలుగు చెప్పాడు. రెండేళ్ళుగా నా దగ్గరే చదువుతున్నాడు.

రిసోర్స్ రూమ్‌కి వెళ్ళమని తలుపు దగ్గర నిలబడి వాడి పేరు అరిచేది నేనే.